ఎర్రకాలువ నీళ్లు మన చేలోకి ఎందుకొచ్చాయి

(నిడదవోలు, తాడేపల్లిగూడెం మధ్య ఒక ఊరి గ్రంథాలయంలో రైతులనూ హైస్కూలు విద్యార్థులనూ ఉద్దేశించి ఒక విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం అండి. పిల్లలూ, మీరు కాస్త ముందుకి జరిగి కూర్చోండి. మొదటి ప్రశ్న మీకే.

2024 జులైలో మన చేలు మునిగాయి. ఊడ్పులు అయిన చేలు, ఆకుమళ్లు, అన్నీ. ఆ నీళ్లు ఎక్కడివి?

(సభలోంచి: "గోదారివండి.")

చూశారా? నలభై ఏళ్లు పాఠాలు చెప్పాను, ప్రతి తరగతిలోనూ ఇదే జవాబు. తప్పు పిల్లలది కాదు. మనం తాగేది గోదారి, చేలో పెట్టేది గోదారి, పుష్కరాలకి మునిగేది గోదారి. అందుకని నీళ్లంటే గోదారే అనుకుంటాం. కానీ ఆ రోజు మీ చేలో నిలబడినదాంట్లో గోదారి చుక్క లేదు. కొంత మన నెత్తిన కురిసిన వాన. మిగిలింది ఎర్రకాలువ. అది జంగారెడ్డిగూడెం పైన ఏజెన్సీ కొండల్లో, మనలో చాలామంది ఎన్నడూ చూడని అడవిలో కురిసిన వాన. ఈ సాయంత్రం ఆ వాన వెనకాలే నడిచి ఇక్కడిదాకా వద్దాం.

ముందు పేరు సంగతి. కాలువ అంటే ఎవరో తవ్వినదని మనకి అలవాటైపోయింది, డెల్టాలో పుట్టాం కాబట్టి. ఎర్రకాలువని ఎవరూ తవ్వలేదు. మెట్టలో వాగుని కూడా కాలువ అనడం పాత మాట. పోలవరం వైపు కొవ్వాడకాలువ ఉంది, అదీ అంతే, తనంత తాను పుట్టిన ఏరే. ఇదే ఏరు నందమూరు దాటాక యనమదుర్రు డ్రెయిను అవుతుంది. పైన కాలువ, కింద డ్రెయిను. మొత్తం పొడవునా దీన్ని నది అని పిలిచినవాళ్లు లేరు. నాకు ఇది చిన్న విషయంగా కనపడదు. డ్రెయిను అన్నాక అందులో ఏం పారబోసినా చెయ్యి వణకదు మనిషికి.

ఎర్ర అనే మాట మాత్రం అక్షరాలా నిజం. దీని పుట్టుక తూర్పు కనుమల్లో. అక్కడి రాయి ఖొండలైటు. ఆ కొండల్లో ఉండే కోందులనే గిరిజనుల పేరు మీదే రాయికి ఆ పేరు పెట్టారు. అందులో ఇనుము ఉంటుంది, గోమేదికం జాతి ఎర్ర గుళ్లుంటాయి. ఎండకీ వానకీ నాని అది ఎర్రమట్టి అవుతుంది. ఇంకాస్త కిందికొస్తే ఇసుకరాయి నేలలు, తుప్పురంగు గరప నేలలు. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్న నేల చూడండి, చెప్పుకి అంటుకుంటే ఓ పట్టాన వదలని ఎరుపు. ఈ నేలలన్నీ కడుక్కుని వచ్చే నీరు ఇంకే రంగులో ఉంటుంది?

మా నాన్నగారు గట్టు మీద నిలబడి నీటి రంగు చూసేవారు. నల్లగా, కాస్త బురద వాసనతో పెరిగితే మన వానే, రెండు రోజుల్లో దిగుతుంది అనేవారు. ఎరుపు తిరిగితే మాత్రం ఇంటికొచ్చి ధాన్యం బస్తాలు అటక మీదికి ఎక్కించమనేవారు. కొండ మీద పడిన వాన ఇక్కడికి రావడానికి ఒక పగలూ ఒక రాత్రీ అని ఆయన లెక్క. ఆయన బడికి వెళ్లింది మూడో తరగతి దాకా. పరీవాహక ప్రాంతం అన్న మాట ఆయనకి తెలీదు, సంగతి మాత్రం పూర్తిగా తెలుసు.

పిల్లలూ, ఆ మాట మీకు పుస్తకంలో ఉంది కదా. పెంకుటిల్లు తలుచుకోండి. కొప్పు మీద పడిన చినుకు అటైనా జారాలి, ఇటైనా జారాలి. వీధి వైపు జారినది వీధి చూరులోంచి పడుతుంది, పెరటి వైపుది పెరట్లో పడుతుంది. భూమికీ అలాంటి కొప్పులున్నాయి. జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల మెట్ట అలాంటి కొప్పే. తూర్పుకి జారిన వాన చిన్న చిన్న వాగుల్లో పడి గోదావరిలోకి పోతుంది. పడమటికి జారినది తమ్మిలేరు లాంటి ఏళ్లలో పడి కొల్లేరు చేరుతుంది. ఈ రెండింటి మధ్యన పడినది ఎర్రకాలువ సొత్తు. బుట్టాయగూడెం అడవిలో గుబ్బల మంగమ్మ తల్లి గుహకి ఆదివారాలు జీపుల్లో వెళ్తారు కదా, దారి పొడవునా దాటే సెలయేళ్లు జల్లేరులో కలిసి మన వైపుకే వస్తాయి. తల్లి దర్శనానికి వెళ్లి అక్కడ కాళ్లు తడుపుకున్న నీళ్లే తర్వాత మన ఊరి పక్కనుంచి పోతాయి.

ఒక లెక్క వేద్దాం. పలక మీద రాసుకోండి. ఒక ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం. అది 4 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు 80 అవుతాయి, ఒక్క ఎకరానికే. 283 చదరపు కిలోమీటర్ల మీద అదే వాన పడి, ఇంకకుండా అంతా పారిందనుకోండి, ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. ఆ టీఎంసీ ఒక్క రోజులో దిగిపోవాలంటే ఏట్లో 24 గంటలూ 11,574 క్యూసెక్కులు, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగులు పారాలి. పేపర్లో క్యూసెక్కులు చదివి పక్కన పెట్టేస్తాం గానీ, ఆ అంకె వెనకాల ఎంత అడవి, ఎన్ని తోటలు తడిశాయో ఇలా లెక్కేసుకుంటే కనపడుతుంది.

అంతా పారదు లెండి, కొంత ఇంకుతుంది. ఎంత ఇంకుతుందన్నది నేల మీద ఏం ఉందన్నదాన్ని బట్టి. ఆకు రాలి మెత్తగా ఉన్న అడవి నేల నీటిని పట్టుకుని నెమ్మదిగా వదులుతుంది. ట్రాక్టరు తిరిగి గట్టిపడిన బోడి చేను వదిలిపెట్టేస్తుంది. నేను చదువుకునే రోజుల్లో ఈ మెట్టంతా జీడిమామిడి, పొగాకు, జొన్న. ఇప్పుడు పొగాకుతోపాటు ఆయిల్‌పాం, కోకో, కొబ్బరి. బోర్లు లోతుకి పోయాయి. వాన రోజుల్లో ఒక్కసారిగా పొంగడం, వేసవిలో ఇసుక తప్ప ఏమీ లేకపోవడం, రెండూ ఒకే జబ్బుకి రెండు లక్షణాలు. మెట్ట రైతుని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆయనకి కాలువ నీళ్లు లేవు, మనకి ఉన్నాయి. ఆయన బోరు వేసుకోక ఏం చేస్తాడు?

జంగారెడ్డిగూడెం మండలంలో కొంగువారిగూడెం దగ్గర ఈ ఏటికి అడ్డంగా ఆనకట్ట ఉంది. కరాటం కృష్ణమూర్తి గారి పేరు పెట్టిన ఎర్రకాలువ జలాశయం. పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 83.50 మీటర్లు. నాలుగు టీఎంసీలకి పైన పడుతుంది. ఇందాకటి లెక్క తీసుకోండి. పదకొండు వందల ముప్పై పైచిలుకు చదరపు కిలోమీటర్ల మీద 10 సెంటీమీటర్లు కురిసి అంతా పారితే ఖాళీ జలాశయం నిండిపోతుంది. వానలు మొదలైన జులైలో అది ఖాళీగా ఉండాలా, నిండుగా ఉండాలా? దాని కింది ఆయకట్టు రైతుకి నిండుగా కావాలి, మనకి కాస్త ఖాళీగా కావాలి. ఇద్దరిదీ న్యాయమే. గేట్లు ఎత్తితే మనం వాళ్లని తిట్టుకోవడం తేలిక. ఎత్తకపోతే ఆనకట్టే పోతుంది, అప్పుడు తిట్టడానికి కూడా మనం ఉండం. పైగా ఆనకట్టకి దిగువనా ఇంకా వాగులు వచ్చి చేరతాయి. వాటికి గేట్లు లేవు, అడ్డు లేదు.

అక్కడినుంచి నల్లజర్ల మండలంలో అనంతపల్లి దగ్గర జాతీయ రహదారి కింద నుంచి వస్తుంది. అక్కడ వంతెన మీద ఆగి ఎప్పుడైనా చూడండి. ఏరు లోతుగా, గట్ల మధ్య ఒద్దికగా ఉంటుంది. మెట్ట వాలు ఉంది కాబట్టి పరుగు మీద ఉంటుంది. కాస్త దూరాన దేవరపల్లి దాటితే పంగిడి, గౌరీపట్నం నల్లరాయి క్వారీలు తెలుసు కదా. ఆ రాయి 6.5 కోట్ల ఏళ్ల కిందట దక్కను లావా ఇక్కడిదాకా వచ్చి గడ్డకట్టినది. మన ఇళ్ల పునాదుల్లో కంకరగా పోసుకున్నాం. దాని గురించి ఇంకోరోజు మాట్లాడుకుందాం, ఇప్పుడు మొదలుపెడితే ఏరు ముందుకెళ్లదు.

ఇప్పుడు అసలు చోటుకి వచ్చాం.

నిడదవోలు నుంచి గోదావరి ఎంత దూరం? సైకిలు మీద వెళ్లొచ్చు. మరి ఇంత దగ్గరికి వచ్చిన ఎర్రకాలువ వెళ్లి గోదారిలో ఎందుకు కలవదు? దగ్గరున్న పెద్ద నదిని వదిలేసి, దక్షిణానికి తిరిగి, భీమవరం మీదుగా సముద్రం దాకా ఒంటరిగా ఎందుకు నడుస్తుంది? నాకు పదో తరగతిలో ఈ అనుమానం వచ్చింది. జవాబు తెలియడానికి కాలేజీ దాకా పట్టింది.

సంగతి ఏమిటంటే, పెద్ద నది డెల్టాలో తన గట్టు తనే కట్టుకుంటుంది. వరద వచ్చి ఒడ్డు దాటినప్పుడు మొట్టమొదట బరువైన ఇసుకా ఒండ్రూ ఒడ్డు పక్కనే వదిలేస్తుంది. సన్నని బంకమన్ను దూరం పోతుంది. ఇలా ఆరేడు వేల ఏళ్లపాటు జరిగింది, మన డెల్టా ఇప్పటి రూపం తేలింది. ఫలితం ఏమిటంటే, గోదారి పక్క నేల మెరక, దూరంగా ఉన్న నేల పల్లం. కళ్లకి ఆనదు, అంతా చదునుగానే ఉంటుంది. నీటికి మాత్రం తెలుస్తుంది. ఎర్రకాలువ గోదారి వైపు వెళ్లాలంటే ఎత్తు ఎక్కాలి. నీరు ఎక్కదు. అందుకని పల్లం పట్టుకుని, పెద్ద నదికి జతగా, దాంట్లో కలవకుండా సముద్రం దాకా పోతుంది. అమెరికాలో మిసిసిపీ పక్కన యాజూ అనే నది ఇలాగే చాలా దూరం జతగా నడుస్తుంది. అందుకని భూగోళశాస్త్రంలో ఇలాంటి ఏళ్లని యాజూ ఏళ్లు అంటారు. మన ఎర్రకాలువని నేను ఆ కోవలోనే లెక్కేస్తాను.

ఈ మెరక–పల్లం సంగతి పట్టుకున్నవాడు కాటన్. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ఆయన కాలువలు మెరక మీద నడుస్తాయి. ఎందుకంటే మెరక మీద నడిచే కాలువకి రెండు వైపులా చేలు పారతాయి. మురుగు పల్లంలో నడవాలి. మన చేలని చూడండి, తలాపున బోదె, కాళ్ల దగ్గర మురుగు. వంట్లో నెత్తురు వెళ్లే నరం ఒకటి, తిరిగి వచ్చే నరం ఒకటి ఉన్నట్టు. పశ్చిమ డెల్టాలో 5 లక్షల ఎకరాలకి పైన ఈ ఏర్పాటు మీదే పండుతోంది.

అయితే ఏలూరు కాలువకి ఒక చిక్కు వచ్చింది. విజ్జేశ్వరం దగ్గర తీసిన గోదారి నీరు ఏలూరు దాకా పడమటికి పోవాలి. కొండల నుంచి వచ్చే ఏళ్లేమో ఉత్తరం నుంచి దక్షిణానికి పోతాయి. రెండూ అడ్డంగా కలుస్తాయి. కలిస్తే పైరు నీళ్లన్నీ ఏట్లో పోతాయి, వరదంతా కాలువలోకి ఎక్కుతుంది. దానికి విరుగుడే నందమూరు అక్విడక్టు. పైన మనిషి తవ్విన కాలువ, కింద దేవుడిచ్చిన ఏరు. నా చిన్నప్పుడు పైన పడవలు పోతుంటే కింద ఎర్రనీళ్లు సుళ్లు తిరగడం చూశాను. రాజమండ్రి నుంచి ఏలూరు, ఏలూరులో కృష్ణా కాలువ ఎక్కి బెజవాడ, అలా సరుకు వెళ్లేది ఆ దారినే. ఇంత అందమైన కట్టడం మన ఇలాకాలో ఇంకోటి లేదని నా నమ్మకం.

అందంతోపాటు ఇబ్బంది కూడా అక్కడే ఉంది. అక్విడక్టు కింద ఏటికి ఉన్నది కొన్ని ఖానాలు, అంటే నీరు దూరిపోయే దారులు. అది సీసా మెడ లాంటిది. మెట్ట మీద పరుగెత్తి వచ్చిన ఏరు ఇక్కడికి వచ్చేసరికి ఒకేసారి రెండు జరుగుతాయి. వాలు పోయి వేగం తగ్గుతుంది. ఖానాల్లోంచి ఇంతే పోగలనని ఆగుతుంది. వేగం తగ్గిన నీరు మోసుకొచ్చిన ఎర్రమట్టిని అక్కడే దించేస్తుంది, అడుగు మెరక పడుతుంది, వచ్చే ఏడాదికి మెడ ఇంకాస్త సన్నబడుతుంది. ఆగిన నీరు వెనక్కి ఎగదన్ని కంసాలిపాలెం, సింగవరం చేలల్లోకి వెళ్తుంది. గట్టు బలహీనంగా ఉన్నచోట గండి పడుతుంది. మెడ వెడల్పు చేయమని పైవాళ్లు అడుగుతారు. చేస్తే ఆ నీరంతా ఒక్కసారి మా మీద పడుతుందని కిందివాళ్లు భయపడతారు. ఈ పైవాళ్లూ కిందివాళ్లూ ఒకే బస్సులో తాడేపల్లిగూడెం వెళ్తారు, ఒకే మిల్లుకి ధాన్యం వేస్తారు. వాళ్ల మధ్య తగువు పెట్టింది మనిషి కాదండి, నేల వాలు.

పైరు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. సార్వా ఊడ్పులు జులైలో, ఎర్రనీరూ జులైలోనే. వేరు పట్టని మొక్క వారం రోజులు నీట మునిగితే కుళ్లిపోతుంది. మన మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, ఇవాళ దేశంలో ఎన్ని రాష్ట్రాల్లో పండుతోందో! ఆ స్వర్ణలోకే ఒడిశా పాత వరి రకంలోని ముంపు తట్టుకునే గుణాన్ని దింపి స్వర్ణ సబ్–1 చేశారు. అది రెండు వారాల దాకా మునిగినా మళ్లీ లేస్తుంది. ముంపు చేలు ఉన్నవాళ్లు మార్టేరు వెళ్లి మన నేలకి ఏది సరిపోతుందో కనుక్కోండి. మూడోసారి ఊడ్పు కూలి పెట్టుకునే కన్నా ఒక రోజు ప్రయాణం నయం.

నందమూరు దాటాక యనమదుర్రు డ్రెయిను. అక్కడినుంచి దాని మీద మూడు బరువులు పడతాయి. కొండ వరద ఒకటి. డెల్టా చేల మురుగు రెండోది. ఊళ్లదీ, చెరువులదీ వదిలిన నీరు మూడోది. భీమవరంలో వంతెన మీద ముక్కు మూసుకోకుండా దాటగలిగినవాళ్లు చేతులెత్తండి. ఎవరూ లేరు. ఆ నీరే గుబ్బల మంగమ్మ దగ్గర దోసిట పట్టి తాగిన నీరు. గుర్రపుడెక్క కమ్మేసి నీటి వేగాన్ని ఇంకా చంపుతుంది. యనమదుర్రు ఊళ్లో శక్తీశ్వరాలయం ఉంది కదా, శివుడు తలకిందులుగా తపస్సులో ఉండే గుడి. దేశం నలుమూలల నుంచీ వస్తారు. ఆ ఊరి పేరుని మనం మురుగుకి పెట్టి ఊరుకున్నామంటే నాకు కష్టంగా ఉంటుంది.

చివర్లో సముద్రం. అక్కడ నేల సముద్రానికి రెండు మూడు మీటర్ల ఎత్తు కూడా ఉండని పల్లాలు. పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్లని తీసుకోదు, వెనక్కి తోస్తుంది. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది. కొండ మీద వానా, డెల్టాలో వానా, అమావాస్య పోటూ మూడూ ఒకే వారంలో కలిస్తే ఆ నీరు ఎటు పోవాలి? ఇలాంటి ముంపుల మీదే 1960ల్లో మిత్రా కమిటీ వేసి కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు వ్యవస్థ అంతా చూపించారు. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. పెద్దవాళ్లలో ఆ సెస్సు కట్టినవాళ్లు ఇక్కడ ఉన్నారు. నీళ్లు రావడానికి పెట్టిన శ్రద్ధలో సగమైనా నీళ్లు పోవడానికి పెట్టాలన్న సంగతి కొత్తది కాదని చెప్పడానికే ఇదంతా.

2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడలో ఏం చేసిందో టీవీల్లో చూశాం. అదీ కొండ దగ్గర పుట్టి కొల్లేరుకి పోయే చిన్న ఏరే. ఏడాదిలో పది నెలలు దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

మన ఏటికి ఇంకో కష్టం 2022 ఏప్రిల్ 4న వచ్చింది. ఆ రోజు జిల్లాలు కొత్తగా విడదీశారు. జంగారెడ్డిగూడెం, జలాశయం ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. నల్లజర్ల, నిడదవోలు తూర్పు గోదావరిలోకి. తాడేపల్లిగూడెం, భీమవరం పశ్చిమ గోదావరిలో ఉన్నాయి. ఒకే ఏరు, ముగ్గురు కలెక్టర్లు. గేటు ఎత్తే చోటు ఒక జిల్లా, గండి పడే చోటు ఇంకో జిల్లా, మురుగు నిలిచే చోటు మూడో జిల్లా. జిల్లాలు మనుషుల సౌకర్యానికి గీసుకున్నవి, తప్పనను. కానీ ఈ ఏటికి సంబంధించినంతవరకు లెక్కంతా ఒకేచోట ఉండాలి. కొప్పు నుంచి చూరు దాకా ఒకే ఇల్లు కదా.

అది అయ్యేదాకా మన చేతిలో ఉన్నది చెప్తాను. నందమూరు నుంచి అనంతపల్లి దాకా మన చుట్టాలు లేని ఊరు లేదు. కొండ వైపు గట్టి వాన పడితే ఫోను చేసేవాళ్లని ఊరికి ఒకరిని పెట్టుకుందాం. ఆ ఒక పగలూ ఒక రాత్రీ చాలు, ధాన్యం ఎత్తుకోవడానికీ పశువుల్ని మెరక మీదికి తోలడానికీ. రెండోది, నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో మన దగ్గర రాతలో లేదు. "మోకాలి లోతు", "నడుం లోతు" అంటాం. ఎవరి మోకాలు? ఏ చేలో? ఇంజనీరు ముందు నిలబడి అడగాలంటే అంకె కావాలి. 2024 నీళ్ల మరక ఇంకా కొన్ని గోడల మీదా కల్వర్టుల మీదా ఉంది. ఇంకో రెండు వానాకాలాలు పోతే అదీ చెరిగిపోతుంది.

పదో తరగతి పిల్లలు పద్నాలుగు మంది పేర్లు ఇచ్చారు. ఆదివారం పొద్దున్న ఆరింటికి అక్విడక్టు దగ్గర కలుద్దాం. టేపు నేను తెస్తాను. ఎర్ర పెయింటు డబ్బా, బ్రష్షు సర్పంచ్ గారు ఇస్తానన్నారు. పెద్దలు ఎవరైనా ఒకరిద్దరు తోడు రండి, ఏ గోడ దగ్గర ఎంత వరకు వచ్చిందో మీరే చెప్పాలి. పిల్లలూ, చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి, గట్టు మీద తుమ్మముళ్లు ఉన్నాయి.